మా మేనత్త ఉపవాసములు

మన యిండ్లలో వంట యెట్లున్నదని విచారించువారు పెక్కుమంది గలరు గాని, వండిన యామె తిన్నదా లేదా యని విచారించువారు మిక్కిలి తక్కువ. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది. ఏమన, ఈ నేరమును ఎవరి యింటిమీదనో మోపి చదువరులచే తల యూపించుకొనుటకు మాకు వీలులేదు. అది మా యింటనే, మా కన్నుల యెదుటనే, 18 సంవత్సరములు నడచినది. మేము చదువుకొన్నవారము. స్త్రీవిద్యను గూర్చియు, ఆరోగ్యమును గూర్చియు సభలలో మాటాడినవారము. అయినను మా పంక్తికి వడ్డించుచుండిన చేయి ఏటేట సన్నబడుచుండుటను మేము చూడలేదు.

మా మేనత్తగారు మా తండ్రిగారికి చిన్న చెల్లెలు. తెనాలికి దాపుననున్న మా గ్రామముననే పుట్టి పెరిగి, కృష్ణకు ఆవలి యొడ్డున నొక యింటికి కోడలై వెళ్లి, 1990లో భర్తృవియోగము కలుగగా పదేండ్ల కుమారునితో తిరిగి మా యింటికి వచ్చెను. వంటయిల్లు ఆమె చేతికి వచ్చుట ఎవరును కూర్చుండి నిర్ణయించినది కాదు. మన యిండ్లలో అట్టి యేర్పాటులు మాటలతో పనిలేకయే జరిగిపోవును. 1993 ప్రాంతమున ఆమె ఉపవాసములు మొదలయ్యెను. ముందు ఏకాదశులు, తరువాత సోమవారములు, ఆపైన శనివారపు రాత్రులు, కార్తికమున నెల పొడుగునను ఒంటిపూట. నాలుగేండ్లు గడచునప్పటికి వారములో ఆమె కడుపునిండ తిను పూటలు వ్రేళ్లపై లెక్కింపదగియుండెను. ఊరివారు ఆమెను చూపి తమ కోడండ్రకు బుద్ధులు చెప్పుచుండిరి. మేమును లోలోపల గర్వించితిమి. మా యభిప్రాయములు ఉపవాసములకు విరుద్ధములే యైనను, పెద్దదాని నిష్ఠతో వాదింపరాదని యూరకుంటిమి. పరుల విశ్వాసమును గౌరవించుట యను మంచి పేరు క్రింద ఎంత ఉపేక్ష దాగియుండగలదో అప్పుడు మాకు తెలియదు.

ఆమెకు భక్తి లేకపోలేదు. కాని సంగతి వేరు. ఆమె కడుపునిండ తిన్ననాడు, ప్రొద్దుగ్రుంకిన తరువాత రొమ్ము క్రింద బరువెక్కి, పొట్ట పొంగి, రాత్రి పది దాటునప్పటికి నిలువలేక, పెరటిలోని బాదము చెట్టు క్రిందికి వెళ్లి వాంతి చేసికొని, నోరు పుక్కిలించి వచ్చి పండుకొనుచుండెను. వాంతి యయిన వెంటనే ప్రాణమునకు హాయి. తిననినాడు ఈ బాధయే లేదు. కాబట్టి ఆ యుపవాసము దైవమునకు గాక దేహమునకే యయ్యెను. అది ఆమె తానే కనిపెట్టికొన్న వైద్యము. దానికి దేవుని పేరు పెట్టినచో ఎవరును ప్రశ్నింపరు. "నాకు తినబుద్ధి కావడం లేదు" అన్నచో మాత్రము నిష్ఠూరములును, వేళాకోళములును, కషాయములును తప్పవు.

వాంతి చప్పుడు మేము విననిది కాదు. విని, మా తల్లిగారు వాముకషాయము కాచి యిచ్చుచుండిరి. శొంఠి, జీలకర్ర, ఇంగువ, ఇవి మా యింట వరుసగా దొరతనము చేసినవి. పిమ్మట ఊరి డాక్టరు వచ్చి "గ్యాసు" అని తేల్చెను. ఈ గ్యాసు అను మాట మన తెలుగునాట ఎంత మేలు చేసినదో చెప్పజాలము! గుండెనొప్పియు గ్యాసే, వెన్నునొప్పియు గ్యాసే, మనోవ్యథయు గ్యాసే. అది తెలిసిన మాట గనుక విన్నవారికి భయము లేదు. అర్థము లేని మాట గనుక చెప్పినవారికి బాధ్యత లేదు. గులాబిరంగు మందుసీసాలు మా వంటయింటి గూటిలో పప్పుడబ్బాల సరసన స్థిరనివాస మేర్పరచుకొనెను. వానిని త్రాగి, ఆ ఖాళీ సీసాలలో మా మేనత్త నువ్వులనూనె పోసి దాచుచుండెను.

2011 కార్తికమున ఒకనాటి యుదయము ఆమె పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్లే ప్రక్కకు ఒరిగిపోయెను. మేమును, ఆమె కుమారుడైన మా బావయు ఆమెను కారులో నగరములోని యొక ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అప్పటికి ఆమెకు 58 ఏండ్లు, బరువు 36 కిలోలు. ఆ యంకె చూచి మేము యంత్రము చెడిపోయినదేమో యనుకొంటిమి.

అచ్చట ఒక చిన్న వయస్సు డాక్టరమ్మ, మమ్మందరను ప్రక్కకు పొమ్మని, కుర్చీ దగ్గరకు లాగికొని మా మేనత్తనే అడుగ మొదలుపెట్టెను. మేము తలుపు దగ్గర నిలుచుండి వింటిమి. "వాంతిలో ఏమొస్తుందమ్మా?" "నిన్నటివి తల్లీ. మధ్యాన్నం తిన్న గోంగూర తెల్లవారుజామున ఆకు ఆకుగానే వస్తది. ఒక్కోసారి మొన్నటి చిక్కుడుగింజలు కూడా." "పసరు వస్తుందా?" "పద్దెనిమిదేళ్లలో ఒక్కనాడూ పసరు రాలేదు. పులుపే." డాక్టరమ్మ వ్రాయుట మాని తల యెత్తి చూచెను. ఈ రెండు జవాబులతో వ్యాధి యెక్కడ నున్నదో సగము తెలిసిపోయినదని ఆమె తరువాత మాకు చెప్పెను. పసరు వచ్చి చేరునది జీర్ణాశయము దాటిన పిమ్మటి ప్రేగులో. వాంతిలో పసరు లేదన్న, ఆ ప్రేగునకును జీర్ణాశయమునకును నడుమ దారి మూసికొనిపోయినదన్నమాట. పద్దెనిమిదేండ్లుగా మా మేనత్త బాదము చెట్టు క్రింద దీపము పట్టుకొని ఈ సాక్ష్యమును సేకరించుచునే యున్నది. అడిగినవారు లేకపోయిరి.

పిమ్మట డాక్టరమ్మ ఆమె నడుమునకు రెండు ప్రక్కల చేతులు వేసి మెల్లగా కదపగా, లోపల నీళ్లు తొణికిన చప్పుడు మాకు తలుపు దగ్గరకు వినవచ్చెను. ముందునాటి సాయంకాలము మొదలు ఆమె గ్రుక్కెడు మంచినీళ్లయిన త్రాగలేదు. నిండుకుండ తొణకదని సామెత. ఈ కుండ నిండియే తొణికినది.

జీర్ణాశయమునకు చివర, చిన్నప్రేగు మొదటను, ఉంగరమువంటి కండరమొకటి గలదు. గ్రీకు భాషలో దానికి పైలోరస్ అని పేరు, ద్వారపాలకుడని యర్థము. ఆహారము నలిగి పిండియై పలుచబడువరకును లోపలకు పోనీయక, నలిగినదానిని కొంచెము కొంచెముగా విడిచిపెట్టుట వాని యుద్యోగము. ఆరోగ్యవంతులలో ఆ కండరపు మందము 3 మొదలు 8 మిల్లీమీటర్లు. ఏ కారణముననో ఇది ఉబ్బి 1 సెంటీమీటరు దాటి పెరిగిన, దారి యిరుకై, అన్నము వెనుకనే నిలిచి పులిసిపోవును. వైకుంఠపు వాకిట జయవిజయులు సనకసనందనాదులను ఆపిరన్న కథ మనకు తెలియును. ఈ ద్వారపాలకునికి శత్రువెవడో మిత్రుడెవడో తెలియని యవస్థ యిట్టిదే. రోజూ పులుపు బయటకు పోవుటచే రక్తములోని లవణములు తరిగి, పొటాషియము పడిపోయి, మా మేనత్త పొయ్యి ముందు ఒరిగినది.

ఇంతవరకు భయములేని సంగతియే. భయము ఎండోస్కోపు దింపిన దినమున మొదలయ్యెను.

దారి యిరుకగుటకు కారణములు పెక్కు గలవు. మన దక్షిణదేశమున ఒకప్పుడు అన్నిటికంటె హెచ్చుగ కనబడినది ప్రేగుపుండు మాని, ఆ మచ్చ బిగిసి, దారిని మూసివేయుట. ఎవరెస్టు శిఖరమునకు 1922లోను 1924లోను వెళ్లిన దండులలోనివాడగు హోవర్డ్ సోమర్వెల్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు, పర్వతములు చాలించి, తిరువాన్కూరు సంస్థానములోని నెయ్యూరు మిషను ఆసుపత్రిలో దీర్ఘకాలము పనిచేసి, ఇట్టి పుండుగల పెక్కుమంది రోగులను గూర్చి 1936లో తన సహచరునితో కలసి వ్యాసము ప్రకటించెను. అంత విస్తారమైన వ్యాధి అది. తరువాత దాని స్వరూపమే మారిపోయినది. 1970ల తుదినుండి పులుపును అణచు మాత్రలు వచ్చినవి. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనువారలు ఈ పుండునకు మూలము ఒక సూక్ష్మక్రిమి యని పట్టుకొనిరి. 2005లో వారికి నోబెలు బహుమానము వచ్చెను. పుండు మందులకు లొంగెను గనుక, పుండు మచ్చచే దారి మూసికొనిపోవుటయు తగ్గెను. అది తగ్గినకొలదిని, ఈడు మీరినవారిలో జీర్ణాశయపు వాకిలి మూసికొన్నదన్న వైద్యులు ముందుగా అనుమానించునది రాచపుండును. వారిని నిందింప వీలులేదు.

ఎండోస్కోపులో పుండు కనబడలేదు. వాకిలి మాత్రము నునుపుగా, బిగిసి, తెరువక, గుండ్రని మిట్టవలె నిలిచియుండెను. గర్భాశయ ముఖమువలె నున్నదని వైద్యులు దీనిని వర్ణింతురట. డాక్టరమ్మ ఆ పోలిక చెప్పగానే మేమును మా బావయు నేలచూపులు చూచితిమి. తరువాత ఎప్పుడో ఈ సంగతి విని మా మేనత్త, "నిన్ను ఎత్తుకొని పెంచినదాన్ని, వీణ్ణి కన్నదాన్ని, నాకు చెప్పడానికి సిగ్గెందుకురా మీకు?" అని నవ్వినది. స్కానులో గోడ దళసరియై, కంతివలె తోచెను. బేరియము త్రావించి తీసిన పటములో, దారి యున్నచోట తెల్లని దారపుపోగు మాత్రము కనబడెను. ముక్క తీసి పరీక్షకు పంపిరి. దానిలో దోషము లేదని వచ్చెను. రెండవమారు తీసిరి. మరల లేదనియే వచ్చెను.

చదువరులు ఇచ్చట ఊపిరి పీల్చుకొందురేమో. మేమును అట్లే చేసితిమి. డాక్టరమ్మ మమ్ము కూర్చుండబెట్టి, అది తొందరపాటని విశదపరచెను. గొట్టముతో గిల్లి తీసిన ముక్క జీర్ణాశయపు లోపలి పొరది మాత్రమే. రాచపుండులో నొక రకము ఆ పొరను చెక్కుచెదరనీయక దాని క్రింద నిశ్శబ్దముగా ప్రాకి, గోడనంతయు తోలుసంచివలె బిరుసు చేయును. లండనులో బ్రింటన్ అను వైద్యుడు 1859లో దానిని వర్ణించి పేరు పెట్టెను. పై పొర నిర్దోషమన్నంత మాత్రమున లోపలిది నిర్దోషమని చెప్పలేము. అట్లని దోషమున్నదనియు చెప్పలేము. "కేవలం కండరమే పెరిగి ఇలా కనపడే జబ్బు ఒకటుంది. అది ప్రమాదమైనది కాదు. కాని పెద్దవాళ్లలో చాలా అరుదు. పుస్తకాల్లో చదవడమే గాని నేను చూడలేదు. ఏది అయిందీ తెలియాలంటే ఆ భాగం తీసి, మొత్తం గోడను సూక్ష్మదర్శిని కింద చూడాలి" అని ఆమె చెప్పెను. ఇంత తేటగా చెప్పినను మేము విన్నది ఒక్క మాట. అరుదు అన్నప్పుడు అది మన యింటికి రాదని యనుకొంటిమి. కావచ్చు అన్నదానిని అయినది అని చెవి కెక్కించుకొంటిమి.

క్షయకు రాజయక్ష్మమనియు, క్యాన్సరునకు రాచపుండనియు పేర్లు పెట్టి, రోగములకు కిరీటములు తొడిగిన జాతి మనది. రాజు పేరు వినగానే లేచి నిలుచుండుటయు, నోరు మూసికొనుటయు మనకు అలవాటు. ఆసుపత్రి వసారాలో, తాగునీటి కుళాయి ప్రక్కన, మా తండ్రిగారు, మా బావ, మేము, గుంటూరునుండి వచ్చిన పినతండ్రిగారు, నలుగురము మగవారము సభ చేసితిమి. ఈ వయస్సులో కోయించుట యెందుకని ఒకరు, కోసిన గాలి తగిలి ప్రాకునని మరియొకరు, ఉన్నన్నినాళ్లు ఇంటనే జావ పోసికొని చూచుకొందమని ఇంకొకరు అనిరి. గాలి తగిలి ప్రాకుట వట్టి మూఢవిశ్వాసమని మేమెరుగుదుము. ఎరిగియు ఆ క్షణమున నోరు మెదపలేదు. ఆమెకు ఏమి చెప్పవలె నన్న ప్రశ్న వచ్చినది. "అల్సరని చెప్పుదము" అన్నది మేమే. ఆ మాట మరెవరో యన్నట్లు వ్రాసికొన్నచో ఈ వ్యాసము మాకు సులభముగా నుండెడిది.

జావ పోసికొని చూచుకొందుమన్నారే, ఆ జావ దిగుటకు దారి యెక్కడ నున్నదని ఆ నలుగురిలో ఒక్కరికిని తోచలేదు. మా తీర్మానమునకు సరియైన పేరు, ఆమెను ఆకలితో చావనిచ్చుట. దానికి మేము పెట్టిన పేరు, కష్టపెట్టకుండుట.

మా మేనత్తకు నిజము రెండు దినములలో తెలిసిపోయెను. ఎవరును చెప్పలేదు. ఇరువది యేండ్లుగా "తిన్నావా?" యని అడుగనివారు ఒక్కొక్కరే వచ్చి మంచము ప్రక్కన కూర్చుండి కాళ్లు పట్టసాగిరి. మా చిన్న మేనత్త బొబ్బట్లు తెచ్చి కన్నీరు పెట్టుకొనెను. మూడవనాటి సాయంకాలము మేము మంచినీళ్ల సీసాతో లోపలకు పోగా ఆమె గోడవైపు తిరిగియే, "నాయనా, అల్సరుకు బొబ్బట్లు పెడతారా?" అనెను. మేము నీళ్లు నమలితిమి. ఆమె ఇటు తిరిగి, "నా కడుపులో ఏముందో ఊరందరికీ తెలిసింది. నాకొక్కదానికే తెలియలేదు. అన్నం మీకు వడ్డించాకనే తిన్నాను, ఇన్నేళ్లూ. ఈ ముక్క కూడా మీరంతా తిన్నాక మిగిలితే పెడదామనుకున్నారా?" అని అడిగెను. ఆ కంఠమున కోపము లేదు. వడ్డనలో ఏ గిన్నె యెక్కడ నున్నదని అడుగు కంఠము అది.

మేము అన్నియు చెప్పితిమి. డాక్టరమ్మను పిలిచికొని వచ్చితిమి. ఆమె మరల మొదటినుండి కాగితముపై బొమ్మ గీసి చెప్పెను. మా మేనత్త అడిగిన ప్రశ్నలు రెండే. "తీయకపోతే?" ఒకటి, "తీస్తే తినగలనా?" మరియొకటి. జవాబులు విని, సమ్మతిపత్రము తెప్పించుకొని, బావ ముందుగనే సంతకము చేయబోయిన చోటున తానే సంతకము చేసెను. మన ఆసుపత్రులలో ఈ పత్రముపై భర్తయో, కొడుకో, అన్నయో సంతకము చేయుట పరిపాటి. న్యాయము మాత్రము అట్లు లేదు. ఒక స్త్రీ మత్తుమందులో నుండగా ఆమె తల్లివలన సమ్మతి తీసికొని శస్త్రము చేసిన వ్యవహారమున, స్పృహయు వివేకమును గల వయోజనులకు మారుగా ఇతరుల సమ్మతి చెల్లదని మన సర్వోన్నత న్యాయస్థానము 2008లో తీర్పు చెప్పినది. చట్టము వసారా దాటి మంచము దాక వచ్చుటకు ఎంతకాలము పట్టునో గదా!

శస్త్రమునకు ముందు నాలుగు దినములు ముక్కులోనుండి గొట్టము దించి పాత యన్నమును కడిగి తీసి, నరములలోనికి లవణజలమును పొటాషియమును ఎక్కించిరి. ఆపైన జీర్ణాశయపు క్రింది భాగమును వాకిలితో సహా తొలగించి, మిగిలినదానిని చిన్నప్రేగునకు అతికిరి. ఇట్టి శస్త్రమును వియన్నాలో బిల్‌రోత్ అను వైద్యుడు 1881 జనవరిలో రాచపుండుగల యొక స్త్రీకి మొదటిసారి జయప్రదముగా చేసెను. మత్తుమందు వాడుకకు వచ్చి అప్పటికి నలువది యేండ్లయినను నిండలేదు. మా మేనత్తకు రెండున్నర గంటలు పట్టినది. ఆ రెండున్నర గంటలును మా తండ్రిగారు వసారాలో గాక, మెట్లమీద ఒంటరిగా కూర్చుండిరి.

పరీక్షాఫలము పదవనాడు వచ్చెను. కండరము, కండరము తప్ప మరేమియు లేదు. వర్తులముగా నున్న కండరపుపోగులు లావెక్కి, మందము 14 మిల్లీమీటర్లయినది. పుండులేదు, మచ్చలేదు, రాచపుండు లేదు.

ఆ తరువాత మేము ఈ వ్యాధి కథను పుస్తకములలో వెదకి చదివితిమి. పెద్దవారిలో దీనిని మొదట వర్ణించినవాడు ఫ్రాన్సు దేశపు శరీరశాస్త్రజ్ఞుడగు క్రువేయే, 1835లో. సూక్ష్మదర్శిని వైద్యులకింకను నిత్యసాధనము కాని దినములవి. గట్టిపడిన వాకిలి యనగానే రాచపుండని తలచుట సహజమైన కాలము. మృతదేహములను కోసి చూచి, ఈ గట్టిదనము వట్టి కండ యని వేరుపరచుటకు ఎంత నిదానము కావలెనో! నాటినుండి నేటివరకు లోకమందు ఇట్టివి ప్రకటింపబడినవి కొన్ని వందలు మాత్రమే. పసిబిడ్డలలో మాత్రము ఇది అంత యరుదు కాదు. పుట్టిన మూడు మొదలు ఆరు వారములలో కనబడును, మగబిడ్డలలో హెచ్చు. కోపెన్‌హేగనులో హిర్ష్‌స్ప్రుంగ్ అను శిశువైద్యుడు 1888లో ఇద్దరు శిశువులను గూర్చి వ్రాయగా లోకము దానిని గుర్తించెను. అప్పటికిని చికిత్స లేదు. బిడ్డలు పాలు కక్కి కక్కి శుష్కించి పోవుచుండిరి. 1911లో జర్మనీయందలి మ్యూన్‌స్టరులో రామ్‌స్టెట్ అనువాడు ఒక శిశువునకు ఆ కండరమును పొడవునా చీల్చి మరల కుట్టబోగా, కుట్లు నిలువలేదు. కుట్టు నిలువకున్నను బిడ్డ బ్రతికెను. మరుసటి యేట వచ్చిన రెండవ బిడ్డకు ఆయన కుట్టుటయే మాని, లోపలి పొరను ముట్టక కండరమును చీల్చి విడిచెను. నేటికిని పసిబిడ్డలకు చేయునది అదియే.

ఇది చదువుచుండగా మాకు మా నాయనమ్మగారి మాట జ్ఞప్తికి వచ్చినది. మా మేనత్త చంటిదిగా నున్నప్పుడు, త్రాగిన పాలు ఏతాము నీళ్లవలె దూరముగా పడుచుండెననియు, బ్రతుకదనుకొన్న పిల్ల బ్రతికినదనియు ఆమె చెప్పుచుండెడిది. డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పగా ఆమె ఆసక్తితో విని, బాల్యమున స్వల్పముగా నున్నదే పెద్దతనమున బయటపడునని కొందరి మతమనియు, మా మేనత్త విషయమున అట్లని రుజువు చేయుటకు వీలులేదనియు చెప్పెను. తెలిసినదానిని తెలిసినంతవరకే చెప్పి ఆగు మనుష్యులు మాకు మొదటినుండియు ఇష్టము. ఆమెయెడల మాకు గౌరవము ఇనుమడించెను.

మా బావకు మాత్రము ఒక బాధ పట్టుకొన్నది. క్యాన్సరు కానిదానికి కడుపులో సగము కోసిరే యని. ముందే తెలిసియున్నచో బుడగ పెట్టి వాకిలిని వెడల్పు చేయుటయో, కండరమును చీల్చి సరిదిద్దుటయో చాలునని అతడెక్కడనో చదివెను. చదివినది అబద్ధము కాదు. అట్టి చిన్న చికిత్సలు గలవు. బుడగతో వెడల్పు చేసినది కొన్నాళ్లకు మరల బిగియుటయు గలదు. కాని "ముందే తెలిసియున్నచో" అన్నది గదా చిక్కు. కోయక తెలియదు, తెలిసిన పిమ్మట కోతయే యధికమని తోచును. అనుమానము నిజమైయున్నచో ఇదే బావ డాక్టరమ్మకు దండము పెట్టియుండును. నిజము కానందున లెక్కలడుగుచున్నాడు. మా యభిప్రాయము అతనికి చెప్పితిమి. అతడొప్పుకొనలేదు. ఇప్పటికిని ఒప్పుకొనలేదు.

ఊరిలో మరియొక చిత్రము జరిగెను. చూడవచ్చినవారిలో కొందరు, రాచపుండు కాదని విని, "ఓహో, కాదా" అని కొంత చప్పబడినట్లు లేచిపోయిరి. మేము ఎగతాళికి వ్రాయుట లేదు. అంత పెద్ద దుఃఖమునకు సిద్ధపడి వచ్చినవారికి, చేతిలోని కన్నీటిని ఎక్కడ దించవలెనో తెలియదు.

జీర్ణాశయము చిన్నదైనందున, ఒకేసారి ఎక్కువ తినరాదనియు, దినమునకు ఆరుమార్లు కొంచెము కొంచెముగా వేళకు తినవలెననియు ఆసుపత్రిలో చీటీ వ్రాసియిచ్చిరి. ఆ చీటీ మా వంటయింట తలుపునకు అతికింపబడినది. ఎనిమిది, పదకొండు, ఒకటి, నాలుగు, ఏడు, తొమ్మిది. మా యింట మగవారి భోజనవేళ ఒంటిగంట దాటిన పిమ్మట. కాబట్టి పదకొండు గంటలకు పొయ్యిమీదినుండి దించిన వేడి యన్నము మొదటి ముద్ద ఆమెదే కావలసివచ్చెను. మొదటి దినములలో ఆమె తలుపు చాటున కూర్చుండి తినెను. మా తల్లిగారు పీట తెచ్చి నడుమ వేసిరి. ఏకాదశులు ఎప్పుడు పోయినవో ఎవరును గమనింపలేదు. మరుసటి వేసవి నాటికి ఆమె 47 కిలోలు తూగెను. ఆవకాయ కలుపుకొనవచ్చునా యని డాక్టరమ్మకు ఫోనులో తానే అడిగి, కొంచెము తినవచ్చునని చెప్పించుకొనెను. ఆ కొంచెము ఎంతయో నిర్ణయించు నధికారము కూడ తానే తీసికొనెను.

ఇప్పుడామెకు 70 దాటినవి. మొన్న మేము ఊరికి వెళ్లునప్పటికి పగలు ఒంటిగంటన్నర అయినది. వంటయింట ఎవరును లేరు. గోడవార కడిగి బోర్లించిన కంచమొకటి యున్నది. మా యలికిడి విని లోపలి గదినుండి నిద్రకంఠముతో, "వచ్చావా నాయనా? నేను తినేశాను. గిన్నెల మీద మూతలున్నయ్, చూసి వడ్డించుకో" అని మా మేనత్త మాట వినవచ్చెను.